‘బేర్’ అనే మాట, సార్ కుర్చీ

సార్ పోయారన్న కబురు సార్ నంబరు నుంచే వచ్చింది.

గురువారం పొద్దున అశోక్‌నగర్‌లోని మా హాస్టల్లో ప్లేటు పట్టుకుని ఇడ్లీల వరసలో నిలబడి ఉన్నాను. ఆదివారం క్లాసు కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మాస్టారు ఈ ఉదయం కాలం చేశారు." పంపినవారు, సార్. ఆ గ్రూపులో సార్ ఏం పెట్టినా చదవకముందే మా వేళ్ళు "ఓకే సార్" అని కొట్టేస్తాయి. ఆ రోజూ కొట్టేశాయి. ఒకరు ఓకే సార్ అన్నారు, ఒకరు నమస్తే సార్ అన్నారు, ఒకతను బొటనవేలు పెట్టాడు. కాసేపటికి ఒక్కొక్కటే చెరిగిపోవడం మొదలైంది. నేనైతే ఇంకా తెలివిగా "ఏ మాస్టారు సార్?" అని అడిగాను. ఆ ప్రశ్న ఇప్పటికీ గ్రూపులో అలాగే ఉంది. చెరపబుద్ధి కాలేదు.

సార్ ఫోన్‌లోంచి ఆ మెసేజ్ పెట్టింది కాచిగూడలో ఉండే ఆయన మేనల్లుడని తర్వాత తెలిసింది. తెలిసినా తికమక తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ తికమక కాస్త తగ్గుతుందేమోనని. తగ్గుతుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు.

సార్ నారాయణగూడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. గోదావరి వైపు వాళ్ళు. వాళ్ళ నాన్నగారికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు సార్ ఇంకా లాగులు వేసుకునే వయసు. అన్నేళ్ళు ఇక్కడే ఉన్నా నోట్లోంచి ఆ ‘ఏంటి’, ఆ ‘అలాగా’ పోలేదు. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో మేడ మీద వాటాలో సార్, అమ్మ ఇద్దరే ఉండేవారు. అమ్మ అంటే సార్ భార్య. మేమంతా అలాగే పిలుస్తాం. ప్రతి ఆదివారం ఉదయం ముందు గదిలో చాపలు పరిచి మాలాంటి వాళ్ళకి ఊరికే ఇంగ్లీషు చెప్పేవారు. మాలాంటి వాళ్ళంటే, పల్లెల నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉంటూ, గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసి, పడినదానికి రాసి, రాసినదాని ఫలితం కోసం మళ్ళీ ఎదురుచూసేవాళ్ళం.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళింది మా గదిలో ఉండే అక్క. "ఆదివారం జర నాతోని రా. సార్ ఇంగ్లీష్ చెప్తడు, అమ్మ ఉప్మా పెడ్తది" అంది. నా మీద ఇంగ్లీషు కన్నా ఉప్మా ఎక్కువ పనిచేసింది. హాస్టల్ ఉప్మా తిన్నవాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు.

వెళ్ళేసరికి సార్ ‘బేర్’ అనే మాట మీద ఉన్నారు. ఒకన్న చెయ్యెత్తి, "సార్, బేర్ అంటే ఎలుగుబంటి" అన్నాడు.

"అది వేరే ఇంటి మనిషయ్యా. పేరు కలిసింది, అంతే. దాన్ని జూ పార్కుకి పంపించేద్దాం" అన్నారు సార్. పాత ఇంగ్లీషులో యవలకీ, దిండు గలీబుకీ కూడా ఇంచుమించు ఇదే శబ్దం ఉండేదట. వాళ్ళనీ వేరే ఇళ్ళవాళ్ళేనని పంపించేశారు. "మనకి కావలసింది మోసే బేర్. ఈ మాట వెయ్యేళ్ళ క్రితం కూడా ఏదో ఒకటి ఎత్తుకునే ఉంది. ఏమేం ఎత్తుకుందో మీరు చూసి రావాలి."

ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు. చూసి రావడమేంటి, డిక్షనరీ ఉందిగా అనుకున్నాను. సార్ పద్ధతి వేరు. పాతకాలంలో ఈ మాటతో ఫలానా పని చేయించేవారు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. తర్వాతి ఆదివారానికి మనలో ఎవరో ఒకరు, ఆ పని తమ కళ్ళ ముందు జరిగిన సంగతొకటి పట్టుకురావాలి. పుస్తకంలోది పనికిరాదు. ఎవరో చెప్పగా విన్నది పనికిరాదు. ఎవరికొచ్చిన తెలుగులో వాళ్ళు చెప్పాలి. అది బాగుంటే గదిలో అందరం "నడిచింది" అనాలి. అప్పుడు సార్ తన పేము కుర్చీలోంచి లేచి, చెప్పినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, తను చాప మీదకి వచ్చేసేవారు. ఇంకొకరు ఇంకో సంగతి తెచ్చి నడిపించేదాకా కుర్చీ వాళ్ళదే. అన్ని వారాలూ వాళ్ళు రావాలి, కూర్చోవాలి, క్లాసు నడపాలి. "కుర్చీలో ఉన్నవాళ్ళు ఎగ్గొట్టకూడదు" అనేవారు సార్. మిగతా అందరూ ఎప్పుడు ఎగ్గొట్టినా ఆయన ఏమీ అనేవారు కాదు.

ఎలుగుబంటి అన్ననే ఆ మాటని మొదట నడిపించాడు. హాస్టల్ మారుతూ మడత మంచం నెత్తిన పెట్టుకుని అశోక్‌నగర్ నుంచి కవాడిగూడ దాకా నడిచాడట. "దారి పొడుగునా అందరు నన్నే ఆపి అడుగుడు సార్. అన్నా, కొత్త రూమా? కిరాయి ఎంత? బాత్రూమ్ అటాచా? నెత్తి మీద మంచం ఉన్నదని ఒక్కడన్న చూస్తలేడు. జవాబు చెప్పి చెప్పి మంచం కన్న వాళ్ళే బరువైన్రు" అన్నాడు. గదంతా నడిచింది అంది. అతను కుర్చీలో కూర్చుని మీసం సరిచేసుకున్నాడు. సార్ చాప మీద మఠం వేసుకుని పిల్లాడిలా నవ్వారు.

సార్ పాఠం ఎక్కువగా బాల్కనీలో జరిగేది. ఒకసారి అందర్నీ అక్కడ నిలబెట్టి కింద మార్కెట్లో టమాటాల తోపుడు బండిని చూపించారు. ఇంగ్లీషులో ఆ బండి పేరు బారో, పుట్టుకకి వాళ్ళు వాడే పేరు బర్త్, పాడెకి వాళ్ళు వాడే పేరు బియర్, మూడూ ఈ బేర్ కడుపున పుట్టినవేనట. మన భారం, భరించడం, ఆఖరికి భర్త కూడా దానికి దూరపు చుట్టాలేనట. "మరి బరువు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. "తెలీదమ్మా. అవునని చెప్పేవాళ్ళని నమ్మకండి, కాదని చెప్పేవాళ్ళనీ నమ్మకండి" అన్నారు. తెలీదు అన్నప్పుడు సార్ మొహం వెలిగేది. తెలియనందుకు మేం మార్కులు పోగొట్టుకునేవాళ్ళం, ఆయనేమో సంబరపడేవారు. ఆ సంబరం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంగ్లీషు వాళ్ళ చెట్టు కాయల్ని మోస్తుంది, మన చెట్టు కాస్తుంది. వాళ్ళు సాక్ష్యాన్ని మోసుకెళ్తారు, మనం పలుకుతాం. బిడ్డని మాత్రం ఇద్దరం మోస్తాం. ఇలా ఒక్కొక్క అర్థం చెప్పుకుంటూ పోయేవారు. కాయడం కోసం ఒకమ్మాయి హాస్టల్ మేడ మీద పెయింట్ డబ్బాలో వేసిన మిరప మొక్క సంగతి తెచ్చింది. ఒకరి మీద మనసులో పగ పెట్టుకోవడం కూడా ఒకప్పుడు ఈ మాట పనేనట. దానికి మాత్రం అందరూ ఒకేసారి చేతులెత్తారు, సగం మంది హాస్టల్ ఓనరమ్మ గీజర్ కట్టేయడం గురించే చెప్పారు. ఎవర్ని కుర్చీలో కూర్చోబెట్టాలో తేలక ఆ ఆదివారం కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా తప్పకుండా అడిగేవారు. "సార్, గిది పరీక్షల వస్తదా?"

"రాదు" అనేవారు సార్. అంతే. తర్వాత ఏదో గొప్ప ముక్క చెప్తారని మేం చూసేవాళ్ళం. చెప్పేవారు కాదు. సగం మంది మరుసటి వారం వచ్చేవారు కాదు. మిగిలిన సగం ఎందుకు వచ్చేవాళ్ళమో మాకే తెలియదు. నన్నే తీసుకోండి. అశోక్‌నగర్‌లో గంట గంటకీ లెక్క ఉంటుంది. కరెంట్ అఫైర్స్‌కి ఇంత, అర్థమెటిక్‌కి ఇంత. అలాంటిది ఏళ్ళ తరబడి ఆదివారం పొద్దుటి పూటని ఒక్క మార్కు కూడా రాని మాటకి ఎందుకిచ్చాను? ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అంటే "ఇంగ్లీష్ క్లాసుకు పోతున్న" అనేదాన్ని. ఏం చెప్తున్నారో చెప్పాల్సి వస్తే ఏమనాలో తెలిసేది కాదు.

పోయిన వానాకాలంలో సార్ చిక్కిపోవడం మొదలైంది. చాప మీద కూర్చుని లేవలేకపోతున్నారని, ఎవరు నడిపించినా కుర్చీ మళ్ళీ ఆయనకే వదిలేసేవాళ్ళం. కడుపులో పుండట, మందులు వాడుతున్నారట అని అమ్మ మెట్ల దగ్గర చెప్పింది. మేం నమ్మాం. సార్‌ని అడిగితే, "వచ్చే నెలకి తగ్గిపోతుందిట" అనేవారు. ఆ చివరి ‘ట’ని కాస్త సాగదీసి నవ్వేవారు. ఆ నవ్వు మాకు ధైర్యంగానే అనిపించేది.

ఆ రోజుల్లోనే సార్ ఆ మాటకి ఇంకో పాత అర్థం చెప్పారు. ఇప్పుడెవరూ వాడటం లేదట. ఒక మనిషిని చేతిలో మోయడం అనేవారట వాళ్ళు. అంటే, జరగదని తెలిసినదాన్ని జరుగుతుందని చెప్పి, ఆశపెట్టి, రోజులు గడిపించడం. "ఎవరు తెస్తారు దీన్ని?" అని అడిగారు.

గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. అశోక్‌నగర్‌లో ఉండేవాళ్ళకి ఆ సంగతి తెలియకనా? మా గోడలన్నీ అవే ఫ్లెక్సీలు. ఇదిగో నోటిఫికేషన్, అదిగో ఉద్యోగం. కానీ దాన్ని సంగతిలా చెప్పుకుని, గదంతా నడిచింది అనిపించుకుని, కుర్చీ ఎక్కాలని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

సార్ మాత్రం వదల్లేదు. ప్రతివారం క్లాసు మధ్యలో ఆగి, "ఆ చేతిలో మోసే మాట ఇంకా ఎవరూ తేలేదా?" అని గట్టిగా అడిగేవారు. గొంతులో ఓపిక తగ్గుతున్నా ఆ ఒక్క మాట గట్టిగా అనేవారు. అని, మా వైపు కాకుండా వంటింటి పరదా వైపు చూసేవారు. కాసేపటికి పరదా జరిగి అమ్మ కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చేది. కాఫీ కోసం సార్ పెట్టుకున్న సైగ అదేననుకున్నాం మేం. ఆయన ఆ మాట అనగానే వెనక వరసలో ఉన్నవాళ్ళు గ్లాసుల కోసం సర్దుకుని కూర్చునేవారు.

ఇక ఆఖరి ఆదివారం. నేను సార్‌కి చెప్పేద్దామని వెళ్ళాను. మా మండలంలో ఒక ప్రైవేటు స్కూల్లో పని దొరికింది, హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాను, ఇక రాను అని. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ వారం సార్ అడిగింది తోడు వెళ్ళడం గురించి. తోడు వెళ్ళడం కూడా పాత ఇంగ్లీషులో ఈ మాట పనే. సరే, అదే దారిలో నా విషయం చెప్దామని చెయ్యెత్తాను.

నన్ను ఆ క్లాసుకి తెచ్చిన అక్క పరీక్షలు మానేసి ఊరికి వెళ్ళిపోయిన రోజు సంగతి చెప్పాను. తనతో కాచిగూడ స్టేషన్‌కి వెళ్ళాను. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద తన పుస్తకాల సంచి మీద ఇద్దరం కూర్చున్నాం. "ఏమన్న తింటవా?" అని తను అడిగింది. "వద్దక్కా" అన్నాను. రైలొచ్చింది, తను ఎక్కింది. పుస్తకాల సంచి నేను అందిస్తే, "ఇవి నువ్వే ఉంచుకో" అని తీసుకోలేదు. ఆ సంచితో నేను ఒక్కదాన్నే వెనక్కి వచ్చాను.

"ఇప్పుడు నేను గూడ సార్..." అని ఇంకా మాట పూర్తి కానేలేదు. సార్ కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచారు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ నడిచింది అనలేదు. అనే వ్యవధి ఎవరికీ ఇవ్వలేదు.

"కూర్చోమ్మా" అన్నారు.

"సార్, నేను చెప్పేది..."

"ముందు కూర్చో."

కూర్చున్నాను. ఆయన చాప మీదకి రాలేదు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి పడుకున్నారు. అదే నేను సార్‌ని ఆఖరిసారి చూడటం.

నాకు మింగుడుపడనిది ఇదే. తన నియమాన్ని తనే ఎందుకు తప్పారు? నేను వెళ్ళిపోతున్నానని పసిగట్టి ఆపడానికా? వెళ్ళేముందు ఒకసారి కూర్చోబెట్టి పంపడానికా? లేక నడుము నొప్పి పుట్టి లేచారా, ఎదురుగా నేనున్నాను కాబట్టి కూర్చోమన్నారా? ఈ మూడో అనుమానం వస్తే నవ్వొస్తుంది, నవ్వాక ఏడుపొస్తుంది. మొత్తానికి ఆయన పోయేనాటికి కుర్చీలో ఉన్నది నేను. కుర్చీలో ఉన్నవాళ్ళు ఎగ్గొట్టకూడదు.

గురువారం అందరం వెళ్ళాం. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక సందులో ఒక పెద్ద కుప్ప చేశాం. శ్మశానం బండి ఆ సందులోకి రాదన్నారు. పాడెని మెట్లు దించి మెయిన్ రోడ్డు దాకా మోయాలి. చుట్టాల్లో మోయగలిగినవాళ్ళు తక్కువ. మా అబ్బాయిలు ముందుకు రావాలో వద్దో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనల్లుడు, "చూస్తారేంటయ్యా, మీరూ పట్టండి" అన్నాడు. మడత మంచం అన్న ముందు వైపు భుజం పెట్టాడు. ఆ సమయంలో కూడా పాడె, తోపుడు బండి, పుట్టుక ఒకే ఇంటివని గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది. మనిషి వెళ్ళిపోతుంటే మాటలేంటి? కానీ సార్ విషయంలో ఆ రెంటినీ విడదీయడం నాకు చేతకాదు. అమ్మ మెట్ల పైన నిలబడి, వెళ్తున్న మమ్మల్ని, "ఏమైనా తిన్నారా మీరు?" అని అడిగింది. అడిగి, అడగకూడని రోజని గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ వచ్చే ఆదివారం క్లాసుందా లేదా అని గ్రూపులో ఎవరూ అడగలేదు. ఎవర్ని అడగాలి? నా వైపే చూస్తున్నారని తెలుసు. నా సంచి సర్దేసి ఉంది. నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని హాస్టల్‌లో చెప్పేశాను, ఊళ్ళో అమ్మకీ చెప్పేశాను. ఆదివారం పొద్దున మంచం మీద కూర్చుని ఏమీ తోచక ఫోన్ వైపు చూస్తుంటే అది మోగింది. ‘సార్’ అని వచ్చింది. మూడో మోతకి గానీ ఎత్తలేదు.

"ఏమ్మా, ఇవాళ ఎవరూ రారేంటి? ఉప్మా చల్లారిపోతోంది" అంది అమ్మ.

అందరం పరుగున వెళ్ళాం. చాపలు పరిచి ఉన్నాయి. పేము కుర్చీ దాని చోట అది ఉంది. నేను చాప మీద కూర్చోబోతే మడత మంచం అన్న, "అక్కడ కాదు చెల్లె, నీ జాగ గది" అన్నాడు. వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నాను. ఏం మాట్లాడాలి? నోరు తెరిస్తే వెళ్ళిపోతున్నాననే మాటే వస్తుంది. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "నాకైతే ఏం సమజైతలేదక్కా, మనం ఎందుకొచ్చినం?" అంది. నాకూ సమజు కాలేదు.

అమ్మ కాఫీ పళ్ళెం తెచ్చి కింద పెట్టింది. ఎప్పుడూ పెట్టగానే లోపలికి వెళ్ళిపోయేది. ఆ రోజు వెళ్ళలేదు.

"ఆయన అడుగుతుండేవారే, చేతిలో మోసే మాటని. అది ఎవరైనా తెచ్చారా?"

"లేదమ్మా. ఎవ్వరం తేలే" అన్నాడు అన్న.

"అయితే నేనొకటి చెప్పొచ్చా? నాకు మీలాగా చెప్పడం రాదు."

గది అంతా నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో అమ్మ ఆ గదిలో కాఫీ, ఉప్మా తప్ప ఇంకో మాట అనగా మేం వినలేదు.

"వానాకాలంలోనే డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పేశారమ్మా. ఇంక చెయ్యగలిగింది లేదండీ, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. నేను ఆయన దగ్గరకొచ్చి, పుండేనట, తగ్గిపోతుందిట అన్నాను. అన్నాక ఇంక ఆపడం కుదరలేదు. రోజూ అనాల్సొచ్చేది. కొత్త మాత్ర వేస్తే, ఇది వేశాక మొహం తేటపడింది అనేదాన్ని. ఉగాదికి మామిడికాయలు మీరే బేరం చెయ్యాలి, నన్ను మోసం చేస్తారు మార్కెట్లో అనేదాన్ని. అలాగే చేస్తాలే అనేవారు." అమ్మ కాఫీ పళ్ళెం ఇంకాస్త మా వైపు జరిపింది. "నమ్మారో లేదో తెలీదు. నమ్మినట్టే ఉండేవారు. ఆయన ఇక్కడ కూర్చుని ఎవరూ తేలేదా అని అడిగినప్పుడల్లా, లోపల నా చేతిలో గ్లాసులు చప్పుడు చేసేవి. కాఫీ పట్టుకుని వచ్చేసేదాన్ని. అదేనామ్మా ఆ మాట? వేరేనా?"

ఎవరూ నడిచింది అనలేదు. ఎలా అంటాం? అలా అనడం అంటే ఆవిడ చేసిందానికి పేరు పెట్టడం. అనకపోవడం అంటే ఆవిడని అలా నిలబెట్టేయడం. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. తెలిసిన పని ఒక్కటే ఉంది. లేచాను.

"కూర్చోండమ్మా" అన్నాను.

"నాకెందుకే!" అంది. అన్నా వచ్చి కూర్చుంది.

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అలవాటు కొద్దీ అమ్మ లేవబోయింది. "కూసోండ్రమ్మా, మేం చూస్తం" అని నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి. నిలబడి ఉన్నది నేనే కాబట్టి నేనే వెళ్ళాను.

ఆ వంటింట్లోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. స్టవ్ కట్టేసి వెనక్కి తిరిగాను. పరదా పక్కన గోడకి ఆనించి ఒక స్టూలు, దాని మీద మడిచిన పాత తువ్వాలు. ఆదివారాలన్నీ అమ్మ కూర్చున్న చోటు అదే అయి ఉంటుంది. ఆ స్టూలు దగ్గర నిలబడి చూస్తే పరదా సందులోంచి చాపలు కనపడవు, బాల్కనీ కనపడదు, మేం ఎవరం కనపడం. కనపడేది ఆ కుర్చీ ఒక్కటే, సరిగ్గా ఎదురుగా. అంటే కుర్చీలోంచి చూసినా కనపడేది ఈ స్టూలే. సార్ ఆ ప్రశ్న మమ్మల్ని అడిగారా, ఆవిడని అడిగారా? తెలుసని చెప్పడానికి అడిగారా, చెప్పొద్దని అడిగారా? ఆయన్ని అడిగితే తెలీదమ్మా అని వెలిగిపోతూ అంటారేమో.

పరదా సందులో అమ్మ నా వైపే చూస్తోంది.

"ఏమ్మా, వచ్చే ఆదివారానికి నువ్వేం తెస్తావు?" అంది, సరిగ్గా ఆయనలాగే.

కుర్చీ వదిలేశాను. ఇక నన్ను పట్టుకునే నియమం ఏదీ లేదు. వెళ్ళిపోతున్నానమ్మా అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

"తెస్తానమ్మా. ఏదో ఒకటి తెస్తాను" అన్నాను.

ఆ ఆదివారం ఇంకా రాలేదు. నా సంచి సర్దే ఉంది, విప్పలేదు, పట్టుకెళ్ళనూ లేదు. నేనన్నది నిజంగా ఇచ్చిన మాటో, నేను కూడా ఆవిడని ఆ పాత మాటలాగే చేతిలో పెట్టుకుని మోస్తున్నానో నాకు తెలియడం లేదు. నేను అన్నాక అమ్మ తలూపింది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగింది. సార్ పొడుగు మనిషి, ఆయన కోసం చేయించిన ఎత్తు కుర్చీ అది. అమ్మ కాళ్ళు నేలకి అందక మెల్లగా ఊగుతున్నాయి.